గొంతు క్యాన్సర్‌కు రేడియేషన్ ఫలితాలు: ఏ శాతం ఎవరిది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నాన్నగారికి 62 ఏళ్లు. స్వరపేటికలో క్యాన్సర్, టీ3 (గడ్డ ఎంత పాకిందో చెప్పే కొలత: టీ1 అంటే చిన్నది, టీ4 అంటే బాగా ముదిరింది), మెడలో ఒక చిన్న గడ్డ, మొత్తం మీద మూడో స్టేజి. ఒక డాక్టరుగారు ఏడు వారాల రేడియేషన్, దాంతోపాటే కీమో అన్నారు. ఇంకొకరు స్వరపేటిక తీసేయడమే మేలన్నారు. మీకు తెలిసిన ఒకాయనకేమో ఆరు వారాల ఒట్టి రేడియేషన్‌తోనే నయమైపోయింది. నెట్‌లో వెతికితే ఒకచోట 90 శాతం, మరోచోట 50, ఇంకోచోట 30 అని కనిపించింది. ఏ వైద్యంతో ఫలితం బాగుంటుందో తేల్చి చెప్పమన్నారు, మిషన్ల గురించీ అడిగారు.

నేను రేడియేషన్ ఆంకాలజీలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. అయినా నాన్నగారి స్కాన్లు, బయాప్సీ రిపోర్టు చూడకుండా ఫలానాదే చేయించండి అని చెప్పను. ఆ శాతాలు ఎక్కడి నుంచి వచ్చాయో, వాటిలో మీకు వర్తించేవి ఏవో మాత్రం చెప్పగలను. మీ టెన్షన్‌లో సగం ఆ అంకెలన్నిటినీ ఒకే జబ్బువి అనుకుని పక్కపక్కన పెట్టి చూడటం వల్ల వచ్చిందే.

ముందు మీకు తెలిసినాయన సంగతి చూద్దాం. ఆరు వారాల్లో కీమో లేకుండా అయిపోయిందంటే ఆయనది బహుశా స్వర తంత్రుల మీద చిన్నగా మొదలైన క్యాన్సర్ అయి ఉంటుంది. అక్కడ చిన్న మచ్చ వచ్చినా గొంతు బొంగురుపోతుంది కాబట్టి తొందరగా బయటపడుతుంది. పైగా స్వర తంత్రుల్లో లింఫ్ నాళాలు చాలా తక్కువ. అందుకే మెడ గడ్డలకు పాకడం అరుదు. ఇలాంటి టీ1 క్యాన్సర్‌లో రేడియేషన్ ఒక్కటే ఇస్తే పది మందిలో సుమారు తొమ్మిది మందికి ఆ చోట జబ్బు మళ్లీ రాదు. లేజర్ సర్జరీతోనూ దాదాపు అంతే. మీరు చూసిన 90 శాతం ఇదే. స్వర తంత్రులు దాటి కాస్త పైకో కిందికో పాకి టీ2 అయితే అది 70, 80ల్లోకి దిగుతుంది.

అదే క్యాన్సర్ స్వరపేటిక వెనక, అన్నవాహిక మొదలయ్యే చోట వస్తే చాలాకాలం ఏ లక్షణమూ ఉండదు. మింగడం కష్టమయ్యేసరికి మెడలో గడ్డలు కూడా వచ్చేసి ఉంటాయి. దాన్ని హైపోఫారింక్స్ క్యాన్సర్ అంటాం. అయిదేళ్ల తర్వాత బతికి ఉండేవాళ్లు అక్కడ మూడో వంతుకు అటూ ఇటూ. మీరు చూసిన 30 అక్కడిది అయి ఉంటుంది. రెండూ గొంతులోవే, మధ్య దూరం రెండు మూడు సెంటీమీటర్లే. ఫలితాల్లో మాత్రం నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా.

మూడో రకం టాన్సిల్, నాలుక వెనక భాగంలో వచ్చేది. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. వీటిలో కొన్ని హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తాయి, కొన్ని పొగాకు, మద్యం వల్ల వస్తాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే రెండూ స్క్వామస్ సెల్ క్యాన్సర్లే, కానీ రేడియేషన్‌కు లొంగే తీరు వేరు. 2010లో వచ్చిన ఒక ప్రముఖ అధ్యయనంలో ఈ చోట క్యాన్సర్ వచ్చినవాళ్లకు ఒకే తరహా వైద్యం ఇచ్చి మూడేళ్ల తర్వాత చూస్తే, హెచ్‌పీవీ ఉన్నవాళ్లలో 82.4 శాతం, లేనివాళ్లలో 57.1 శాతం బతికి ఉన్నారు. ఆ తర్వాత స్టేజింగ్ పద్ధతినే మార్చాల్సి వచ్చింది. 2018 నుంచి వాడుకలోకి వచ్చిన ఎనిమిదో ఎడిషన్‌లో హెచ్‌పీవీ టాన్సిల్ క్యాన్సర్‌కు వేరే పట్టిక పెట్టారు. పాత లెక్కలో నాలుగో స్టేజి అనిపించుకున్న చాలామంది కొత్త లెక్కలో ఒకటో స్టేజిలోకి వచ్చేశారు. కాబట్టి ‘నాలుగో స్టేజిలో కూడా 80 శాతం నయమవుతుందట’ అని ఎవరైనా చెబితే, అది ఏ చోట వచ్చిన క్యాన్సర్, ఏ సంవత్సరం లెక్క అని అడగండి. నాన్నగారిది స్వరపేటిక. హెచ్‌పీవీ వల్ల వచ్చే ఆ లాభాన్ని ఆయన ఖాతాలో వేయలేం.

ఇక స్వరపేటిక క్యాన్సర్ ముదిరిన దశలో ఏ వైద్యాన్ని ఏ వైద్యంతో పోల్చి చూశారో చెబుతాను. మీకు అసలు కావలసింది ఇదే కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

1980ల దాకా మూడు, నాలుగు స్టేజీల్లో స్వరపేటిక మొత్తం తీసేసి, తర్వాత రేడియేషన్ ఇవ్వడమే పద్ధతి. మెడ ముందు శాశ్వతంగా ఒక రంధ్రం ఉంటుంది, ఊపిరి అక్కడి నుంచే. సహజమైన గొంతు పోతుంది. 1991లో అమెరికాలో మాజీ సైనికుల ఆస్పత్రులు చేసిన ట్రయల్ ఫలితాలు వచ్చాయి. 332 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు పాత పద్ధతి. రెండో గుంపుకు ముందు కీమో, గడ్డ బాగా తగ్గితే రేడియేషన్, తగ్గకపోతే సర్జరీ. రెండేళ్లకు రెండు గుంపుల్లోనూ 68 శాతం బతికి ఉన్నారు. కీమో, రేడియేషన్ గుంపులో 64 శాతం మందికి స్వరపేటిక మిగిలింది. ప్రాణానికి ముప్పు పెంచకుండా గొంతు కాపాడవచ్చని పెద్ద ఎత్తున తేలింది అప్పుడే. అయితే అందులోనే ఇంకో విషయం ఉంది. టీ4 ఉన్నవాళ్లలో 56 శాతం మందికి చివరికి స్వరపేటిక తీయక తప్పలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

తర్వాతది ఆర్‌టీఓజీ 91-11 అనే అమెరికా ట్రయల్. ఇందులో సుమారు 520 మందిని మూడు గుంపులుగా పోల్చారు. ఒట్టి రేడియేషన్ ఒకటి, ముందు కీమో తర్వాత రేడియేషన్ రెండోది, రేడియేషన్‌తోపాటే మూడు వారాలకోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు మూడోది. 2003లో వచ్చిన ఫలితాల ప్రకారం రెండేళ్లకు స్వరపేటిక నిలిచినవాళ్లు వరసగా 70, 75, 88 శాతం. పదేళ్లకు చూసినా మూడో గుంపుదే పైచేయి: సుమారు 82 శాతం. మిగతా రెండూ 64, 67 దగ్గర ఆగాయి. మీ నాన్నగారికి మొదటి డాక్టరుగారు చెప్పిన వైద్యం ఈ మూడో గుంపుదే.

ఇది చూసి ‘అయితే కీమో కలిపితేనే ఎక్కువమంది బతుకుతారన్నమాట’ అనుకుంటారు అందరూ. ఈ ట్రయల్‌లో అది రుజువు కాలేదు. అయిదేళ్లకు మూడు గుంపుల్లోనూ బతికి ఉన్నవాళ్లు 54 నుంచి 58 శాతం మధ్యే. మీరు చూసిన 50 బహుశా ఇలాంటి లెక్కే అయి ఉంటుంది. అదెలా సాధ్యం? ఒట్టి రేడియేషన్ గుంపులో ఎక్కువమందికి జబ్బు తిరిగొచ్చింది, కానీ వాళ్లలో చాలామందికి అప్పుడు సర్జరీ చేసి ప్రాణం నిలబెట్టగలిగారు. వాళ్లు గొంతు పోగొట్టుకున్నారు గానీ ప్రాణం దక్కింది. ఇంకో కారణం అంత తేలిగ్గా మింగుడుపడదు. పదేళ్ల లెక్కలో స్వరపేటిక క్యాన్సర్‌తోనూ, వైద్యంతోనూ నేరుగా సంబంధం లేదని రాసిన మరణాలు మూడో గుంపులోనే ఎక్కువ: 30.8 శాతం. ముందు కీమో ఇచ్చిన గుంపులో 20.8, ఒట్టి రేడియేషన్ గుంపులో 16.9. ఆ మరణాలకు కారణం ఇదీ అని ఎవరూ ఖాయంగా తేల్చలేదు. మింగే కండరాలు బిగుసుకుపోయి తిన్నది, తాగింది ఊపిరితిత్తుల్లోకి జారి నిమోనియా రావడం వాటిలో కొన్నిటికి కారణమై ఉంటుందని మాలో చాలామంది అనుమానం. నా అనుమానం కూడా అదే. అందుకే నేను మింగే వ్యాయామాల గురించి పేషెంట్లను అంతగా సతాయిస్తాను.

అన్ని రకాల తల, మెడ క్యాన్సర్లనూ కలిపి చూస్తే రేడియేషన్‌తోపాటే కీమో ఇవ్వడం వల్ల బతికేవాళ్ల సంఖ్య పెరుగుతుందన్నది నిజమే. 17 వేలమందికి పైగా పేషెంట్ల వివరాలు ఒకచోట చేర్చిన విశ్లేషణలో అయిదేళ్లకు వచ్చిన లాభం 6.5 శాతం. అంటే వందమందికి కలిపి ఇస్తే అదనంగా ఆరేడుగురు. తక్కువేమీ కాదు, కానీ నెట్‌లో ఊదరగొట్టినంత ఎక్కువా కాదు. ఈ లాభం వయసుతో తగ్గుతూ వచ్చి 70 దాటినవాళ్లలో దాదాపు కనిపించలేదు. నాన్నగారికి 62. కిడ్నీలు, వినికిడి, గుండె బాగుంటే ఆయన లాభపడే గుంపులోనే ఉన్నారు.

చూశారా, ఒకే ట్రయల్ నుంచి 88 అనీ చెప్పొచ్చు, 55 అనీ చెప్పొచ్చు. రెండూ నిజమే. ఒకటి గొంతు నిలిచినవాళ్లది, ఇంకోటి బతికి ఉన్నవాళ్లది. ఏ శాతం చూసినా ముందు ఇది దేని శాతం అని అడగాలి: జబ్బు ఆ చోట తిరిగి రాకపోవడమా, అసలెక్కడా రాకపోవడమా, ఏ కారణంతోనైనా చనిపోకుండా ఉండటమా, స్వరపేటిక ఉండటమా? ఆ చివరిదాంట్లో కూడా తిరకాసు ఉంది. స్వరపేటిక ఉన్నా పొట్టలో గొట్టం ద్వారా ఆహారం, మెడలో గొట్టం ద్వారా ఊపిరి అయితే దాన్ని కాపాడామని ఎలా అనగలం? అందుకే ఇప్పటి ట్రయల్స్‌లో గొట్టాలు లేకుండా పనిచేస్తున్న స్వరపేటికను లెక్కలోకి తీసుకోవాలంటున్నారు.

ఇప్పుడు సర్జరీ అన్న డాక్టరుగారి మాట. ఆయన అన్నది తీసిపారేసేది కాదు. ఇందాక టీ4 సంగతి గుర్తుపెట్టుకోమన్నాను కదా. ఆర్‌టీఓజీ 91-11లో మృదులాస్థిని (కార్టిలేజ్, అంటే మెత్తటి ఎముకను) తొలుచుకుని బయటికి వచ్చిన పెద్ద టీ4 గడ్డలున్నవాళ్లను అసలు చేర్చుకోనే లేదు. కాబట్టి ఆ 88 శాతం వాళ్లకు వర్తించదు. స్వరపేటిక చుట్టూ ఉండే మృదులాస్థి గోడను క్యాన్సర్ దాటిందీ అంటే చాలా సెంటర్లలో ముందు సర్జరీ, తర్వాత రేడియేషన్ మేలనే అంటారు. నేనూ అదే అంటాను. అలాగే ఇప్పటికే ఊపిరి ఆడక మెడలో గొట్టం పెట్టాల్సి వచ్చినవాళ్లు, నీళ్లు తాగితే ఊపిరితిత్తుల్లోకి పోతున్నవాళ్లు ఉంటారు. వాళ్లలో పనిచేయని స్వరపేటికను రేడియేషన్‌తో కాపాడి సాధించేది తక్కువ. కాబట్టి మీరు సర్జరీ డాక్టరుగారిని అడగాల్సిన ప్రశ్న ఒకటే: ‘సీటీలో మృదులాస్థి బయటి గోడ తెగిందా, లేక గడ్డ లోపలే ఉండి స్వర తంత్రి కదలకపోవడం వల్ల టీ3 అన్నారా?’ రెండోదైతే రేడియేషన్, కీమోతో గొంతు కాపాడే ప్రయత్నానికి నాన్నగారు సరిగ్గా సరిపోయే మనిషి.

ఇంకో జాగ్రత్త. ‘ఫలానా దేశంలో వేలమంది రికార్డులు చూస్తే సర్జరీ చేయించుకున్నవాళ్లే ఎక్కువకాలం బతికారు’ అనే వ్యాసాలు మీకు కనిపిస్తాయి. అలాంటి లెక్కల్లో ఎవరు ఏ వైద్యానికి వెళ్లారన్నది చీటీలు వేసి తేల్చింది కాదు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లను, మత్తుమందు తట్టుకోలేనివాళ్లను, గడ్డ తీయడానికి వీల్లేని చోట ఉన్నవాళ్లను రేడియేషన్‌కు పంపుతారు. వాళ్లు తొందరగా పోతే ఆ తప్పు రేడియేషన్ మీద పడుతుంది. రికార్డుల వల్ల ఉపయోగం లేదని కాదు, కానీ రెండు వైద్యాలకూ సమానంగా పనికొచ్చేవాళ్లను పంచి పెట్టిన ట్రయల్‌తో వాటిని సమానంగా తూచకూడదు.

కీమో మందు విషయం. సిస్‌ప్లాటిన్ పాతది, వాంతులు తెప్పిస్తుంది, కిడ్నీలనీ చెవులనీ దెబ్బతీయగలదు. దాని బదులు చర్మం మీద దద్దుర్లు తప్ప పెద్దగా బాధపెట్టని సెటుక్సిమాబ్ ఇవ్వొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. హెచ్‌పీవీ ఉన్న గొంతు క్యాన్సర్‌లో రెండు పెద్ద ట్రయల్స్ ఈ ప్రశ్నే వేశాయి. ఒకదాంట్లో అయిదేళ్లకు సిస్‌ప్లాటిన్ గుంపులో 84.6 శాతం, సెటుక్సిమాబ్ గుంపులో 77.9 శాతం బతికారు. రెండోదాంట్లో రెండేళ్లకు 97.5, 89.4. తేలికైన మందు అనుకున్నది ప్రాణాల మీదికి తెచ్చింది, మొత్తంగా దుష్ప్రభావాలూ తగ్గలేదు. ఇమ్యునోథెరపీ మందు అవెలుమాబ్‌ను రేడియేషన్, సిస్‌ప్లాటిన్‌లకు జోడించి చూసిన ట్రయల్‌లోనూ లాభం కనిపించలేదు. కొత్త మందు, ఖరీదైన మందు అనగానే మెరుగైన ఫలితం అనుకోకండి.

కిడ్నీలో, చెవుల్లో ఇబ్బంది ఉండి సిస్‌ప్లాటిన్ ఇవ్వలేకపోతే? ముంబైలోని టాటా మెమోరియల్ వాళ్లు అలాంటివాళ్లకే వారానికోసారి తక్కువ మోతాదులో డోసిటాక్సెల్ అనే ఇంకో కీమో మందు కలిపి చూశారు. 2023లో వచ్చిన ఫలితాల్లో రెండేళ్లకు బతికినవాళ్లు ఒట్టి రేడియేషన్‌తో 41.7 శాతం, డోసిటాక్సెల్‌తో 50.8. కాబట్టి సిస్‌ప్లాటిన్ పడదు అన్నంత మాత్రాన దారి మూసుకుపోదు. ఆ 41.7ని నాన్నగారికి అన్వయించి భయపడకండి. వాళ్లు మొదటి నుంచీ ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్నవాళ్లు, వేర్వేరు చోట్ల క్యాన్సర్ ఉన్నవాళ్లు.

ఇంతవరకూ చెప్పింది ఏ వైద్యం అన్నది. దాన్ని ఎలా ఇచ్చారన్నది ఫలితాన్ని మార్చినంతగా, మందు మార్పులు కూడా మార్చవు. ఈ సంగతి పేషెంట్లకు ఎవరూ పెద్దగా చెప్పరు.

సాధారణంగా ఇచ్చేది 70 గ్రే (రేడియేషన్ డోసును గ్రేలలో కొలుస్తాం), 35 విడతల్లో, వారానికి అయిదు రోజుల చొప్పున ఏడు వారాలు. నాలుగో వారం దగ్గర నుంచి మిగిలిన క్యాన్సర్ కణాలు వేగంగా పుంజుకోవడం మొదలుపెడతాయి. అందుకే మధ్యలో రోజులు పోతే ఒక్కో రోజుకు జబ్బు అదుపులో ఉండే అవకాశం సుమారు ఒక శాతం, ఇంకొంచెం ఎక్కువే తగ్గుతుందని లెక్క. డెన్మార్క్ డాక్టర్లు దీన్ని తిప్పి పరీక్షించారు. మొత్తం డోసు అంతే ఉంచి వారానికి అయిదుకు బదులు ఆరు విడతలు ఇచ్చారు, అంటే ఒక వారం ముందే అయిపోతుంది. అయిదేళ్లకు గొంతులో, మెడలో జబ్బు అదుపులో ఉన్నవాళ్లు 60 నుంచి 70 శాతానికి పెరిగారు. మందు మారలేదు, మిషన్ మారలేదు, క్యాలెండర్ మారింది అంతే. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఇదే పద్ధతిని వర్ధమాన దేశాల్లో పరీక్షిస్తే 30 నుంచి 42 శాతానికి పెరిగింది. కీమో ఇవ్వలేని పేషెంట్‌కి ఒట్టి రేడియేషనే ఇవ్వాల్సి వస్తే ‘వారానికి ఆరు ఇస్తారా’ అని అడగటం మంచి ప్రశ్న.

రోజులు ఎందుకు పోతాయో చెబుతాను. మొదటి రెండు వారాలు పేషెంటు హాయిగా వచ్చి వెళతాడు. మూడో వారంలో నోరు పుండ్లు పడతాయి. నాలుగో వారానికి ఉమ్మి మింగడం కూడా నరకం. తిండి తగ్గుతుంది, ఒళ్లు తగ్గుతుంది. మొదట్లో ప్లాస్టిక్ షీట్‌ను వేడినీళ్లలో మెత్తబరిచి, మొహం మీద, భుజాల మీద వేసి బిగుతుగా ఒక మాస్క్ తయారుచేసి ఉంటాం. రోజూ అదే తొడిగి టేబుల్‌కు బిగిస్తాం, తల మిల్లీమీటర్లు కూడా కదలకూడదు కాబట్టి. ఒళ్లు తగ్గితే మాస్క్ వదులవుతుంది. దవడ కింద వేలు దూరేంత సందు కనిపిస్తే టెక్నీషియన్ నన్ను పిలుస్తాడు. మళ్లీ సీటీ తీసి, కొత్త మాస్క్ చేసి, ప్లాన్ తిరగరాయాలి. సరిగ్గా ఆ సమయంలోనే ‘నాలుగు రోజులు రెస్ట్ తీసుకుని వస్తాం డాక్టర్’ అంటారు ఇంట్లోవాళ్లు. ఆ జాలి అర్థమవుతుంది, కానీ ఆ నాలుగు రోజులు క్యాన్సర్‌కు లాభం. నొప్పికి మార్ఫిన్ లాంటి మందులు కావాలంటే ఇస్తాం, ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం ఇస్తాం, అవసరమైతే అడ్మిట్ చేసి అయినా ట్రీట్‌మెంట్ నడిపిస్తాం. మిషన్ చెడిపోయో సెలవుల వల్లో రోజు పోతే, ఆ వారంలోనే ఒక రోజు కనీసం ఆరు గంటల తేడాతో రెండు విడతలు ఇచ్చో, శనివారం ఇచ్చో సరిచేయమని మీరే అడగండి.

పొగ సంగతి. నాన్నగారు ఇంకా తాగుతున్నారో లేదో మీరు రాయలేదు. 1993లో కెనడా నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో, రేడియేషన్ నడుస్తుండగా కూడా పొగ తాగినవాళ్లలో గడ్డ పూర్తిగా కరిగింది 45 శాతం మందికి, మిగతావాళ్లలో 74 శాతం మందికి. రెండేళ్లకు బతికినవాళ్లు 39, 66. చిన్న అధ్యయనమే, తాగేవాళ్లలో మిగతా జబ్బులు కూడా ఎక్కువ ఉండొచ్చు. అయినా కీమో కలిపితే వచ్చే 6.5 శాతం లాభంతో పోల్చి చూడండి ఈ తేడాని. రేడియేషన్ కణాన్ని చంపడానికి ఆక్సిజన్ కావాలి. పొగ రక్తంలో ఆక్సిజన్ తగ్గిస్తుంది. ‘ఇప్పుడు మానేసి ఏం లాభం, రావలసింది వచ్చేసింది కదా’ అన్న మాట మాత్రం ఇంట్లో ఎవరినీ అననివ్వకండి.

ఇక ప్లాన్ నాణ్యత. ఎక్కడ గడ్డ ఉంది, ఏ మెడ గడ్డల గుంపు దాకా గీత గీయాలి అన్నది డాక్టరు సీటీ స్లైసుల మీద చేత్తో గీసే పని. ఆస్ట్రేలియా వాళ్ల నాయకత్వంలో అనేక దేశాల్లో జరిగిన ఒక ట్రయల్‌లో ఆ ప్లాన్లన్నీ తర్వాత నిపుణులు తిరిగి పరిశీలించారు. ఫలితాన్ని పాడుచేసేంత లోపాలున్న ప్లాన్లతో వైద్యం పొందినవాళ్లలో రెండేళ్లకు బతికింది 50 శాతం, సరైన ప్లాన్లున్నవాళ్లలో 70. ఆ ట్రయల్‌లోకి అయిదుగురికన్నా తక్కువమందిని పంపిన సెంటర్లలో పెద్ద లోపాలు 29.8 శాతం, 20 మందికి పైగా పంపినచోట 5.4 శాతం. కాబట్టి ఆస్పత్రి ఎంచుకునేటప్పుడు మిషన్ బ్రాండ్ కన్నా, అక్కడ నెలకు ఎంతమంది తల, మెడ క్యాన్సర్ పేషెంట్లు చూస్తారో, ప్లాన్‌ను ఇంకో డాక్టరు కూడా సరిచూస్తారో లేదో అడగడం ఎక్కువ ఉపయోగం.

మిషన్ల గురించి అడిగారు కాబట్టి రెండు మాటలు. ఐఎంఆర్‌టీ అంటే లాలాజల గ్రంథుల మీద డోసు తగ్గించేలా కిరణాలను మలిచే పద్ధతి. బ్రిటన్‌లో జరిగిన పార్‌స్పోర్ట్ ట్రయల్‌లో ఏడాదికి నోరు బాగా ఎండిపోయే సమస్య పాత పద్ధతితో 74 శాతం, ఐఎంఆర్‌టీతో 38 శాతం. క్యాన్సర్ నయమయ్యే శాతంలో తేడా లేదు. కాబట్టి ఐఎంఆర్‌టీ ఉన్నచోటే చేయించండి, ఇప్పుడు చాలాచోట్ల ఉంది. ప్రోటాన్ రేడియేషన్ (ఎక్స్‌రేల బదులు ప్రోటాన్ కణాలతో ఇచ్చే ఖరీదైన పద్ధతి) కోసం ఆస్తులు అమ్ముకోవాల్సిన అవసరం నాన్నగారి పరిస్థితిలో నాకు కనిపించడం లేదు.

వైద్యం అయిపోయాక చేయాల్సిన పెట్ సీటీ (క్యాన్సర్ ఇంకా మిగిలిందేమో చూసే స్కాన్) గురించి ఇప్పుడే చెబుతాను, అప్పుడు కంగారు పడకుండా. ఏడు వారాలు ముగియగానే స్కాన్ తీయించేస్తే వాపు కూడా క్యాన్సర్‌లా వెలుగుతుంది, అనవసరంగా ఆపరేషన్ మాట వస్తుంది. సుమారు 12 వారాలు ఆగాలి. 564 మందితో చేసిన పెట్-నెక్ ట్రయల్‌లో 12 వారాలకు పెట్ సీటీ తీసి, అవసరమైనవాళ్లకే మెడ ఆపరేషన్ చేస్తే, అందరికీ ఆపరేషన్ చేసిన గుంపుతో సమానంగా బతికారు. ఎక్కువమందికి కత్తి తప్పింది. జబ్బు తిరిగి రావడం చాలావరకు మొదటి రెండు మూడేళ్లలోనే ఉంటుంది, కాబట్టి ఆ కాలంలో చెకప్‌లు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఆరు నెలలకో ఏడాదికో థైరాయిడ్ పరీక్ష కూడా చేయించాలి. మెడకు రేడియేషన్ తీసుకున్న చాలామందికి తర్వాత థైరాయిడ్ మందగిస్తుంది. నీరసాన్ని క్యాన్సర్ తిరిగొచ్చిందనుకుని బెంబేలెత్తుతారు, చివరకు రోజుకో మాత్రతో పోతుంది.

మీరు చెప్పిన వివరాలు సరైనవే అయితే, అంటే మృదులాస్థి తెగకుండా, ఊపిరి, మింగడం బాగానే ఉండి, కిడ్నీలు పనిచేస్తుంటే, నా మొగ్గు రేడియేషన్‌తోపాటే సిస్‌ప్లాటిన్ వైపే. తేడా వస్తే తర్వాతైనా సర్జరీ చేయవచ్చు. కాకపోతే కీమో, రేడియేషన్ అయిన గొంతు మీద ఆపరేషన్ చేస్తే గాయం మానకుండా మెడలోంచి లాలాజలం కారే సమస్య మూడింట ఒక వంతు మందికి దగ్గరగా వస్తుంది. అందుకే సర్జన్‌ను ఇప్పుడే పక్కకు తప్పించకండి. ఇద్దరు డాక్టర్లూ ఒకే టేబుల్ దగ్గర కూర్చుని స్కాన్లు చూసేలా ట్యూమర్ బోర్డు ఉన్నచోటికి వెళ్లండి. అభిప్రాయాల కోసం నెలలు తిరగకండి, రెండు వారాల్లో తేల్చుకోండి.

ఈలోగా చేయాల్సినవి ఉన్నాయి. ఈ వారమే పళ్ల డాక్టరుకు చూపించండి. పీకాల్సిన పళ్లుంటే రేడియేషన్‌కు ముందే పీకించి, గాయం మానడానికి సుమారు రెండు వారాలు ఇవ్వాలి. రేడియేషన్ పడిన దవడలో తర్వాత పన్ను పీకితే ఎముక చచ్చుపడే ప్రమాదం ఉంది, అప్పుడిక చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. వినికిడి పరీక్ష, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చేయించండి, సిస్‌ప్లాటిన్ నిర్ణయానికి అవి కావాలి. స్పీచ్ థెరపిస్ట్ దగ్గర మింగే వ్యాయామాలు ఇప్పుడే నేర్చుకోమనండి, గొంతు నొప్పి మొదలయ్యాక కొత్తగా నేర్చుకోవడం ఎవరి తరమూ కాదు. సీటీ రిపోర్టులో మృదులాస్థి గురించి రాసిన వాక్యం, క్రియాటినిన్ అంకె, నాన్నగారు పొగ తాగుతున్నారో లేదో నాకు రాయండి. పేరు, ఆస్పత్రి నంబరు కనిపించకుండా చెరిపేసి పంపండి.